కుటుంబాలు కూర్చునే చోటు: విశాఖలో మానసిక వ్యాధిగ్రస్తుల బంధువుల కోసం నెలవారీ సమావేశం నడిపే విధానం

చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ ముందు ఉదయంపూట ఒక గంట కూర్చుంటే ఈ సంగతి ఎవరికైనా కనిపిస్తుంది. ఒకే బల్లమీద ఇద్దరు తల్లులు పక్కపక్కన కూర్చుంటారు, ఇద్దరి చేతుల్లోనూ చీటీలు ఉంటాయి, ఇద్దరి పక్కనా ఎదిగిన కొడుకులు ఉంటారు; అయినా "మీ బాబుకి ఎన్నాళ్లనుంచమ్మా?" అని ఒకరినొకరు అడగరు. గుండె జబ్బుల వార్డు బయటైతే ఆ ఇద్దరే అరగంటలో ఊళ్లు, ఇంటిపేర్లు చెప్పుకొని, తెచ్చుకున్న పులిహోర పంచుకొని ఉండేవారు. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, అనుమానాలు రావడం వంటి లక్షణాలుండే తీవ్రమైన మనసు జబ్బు) అని తెలిసిన తరువాత నేనూ ఆరేళ్లపాటు అలాగే తల దించుకొని కూర్చున్నాను. ఆ బల్లమీద అడగలేకపోయిన ప్రశ్నను ఒకరినొకరు అడగడానికి ఒక చోటు కల్పించడం ఎలాగో ఇక్కడ చెప్పదలచాను. నెలకొకసారి, పదిపన్నెండు కుటుంబాలు, రెండు గంటలు. దీనికి పెద్ద సంస్థ అక్కరలేదు, నిధులు అక్కరలేదు, వైద్యం చదివి ఉండనూ అక్కరలేదు. జాగ్రత్త మాత్రం చాలా కావాలి గనుక వాటి గురించే ఎక్కువగా రాస్తున్నాను.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే నిర్వహించింది. వయోజనుల్లో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదనీ ఆ సర్వే తేల్చింది. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. కాబట్టి ఈ అంకెలను నలుగురిలో చెప్పేటప్పుడు "విశాఖలో ఇంతమంది" అని మార్చి చెప్పకూడదు. పదిమందిలో ఒకరన్న అంచనా చాలు, వినేవారికి తమ వీధి గుర్తుకు రావడానికి.

రోగి బాగుపడడంలో ఇంటివారి పాత్ర ఏమిటో మన దేశంలో చాలా ముందే గుర్తించినవారున్నారు. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలో రోగుల బంధువులను ఆసుపత్రి ఆవరణలోనే గుడారాల్లో ఉండనిచ్చి, వారికి జబ్బు గురించి బోధించి, కోలుకున్న మనిషిని వారి వెంటే ఇంటికి పంపారు. మనం పెట్టుకునే సమావేశానికి మూలం అక్కడే ఉందని నేను అనుకుంటాను.

చోటు, వేళ

సమావేశం అనగానే ప్రతివారికీ తమ అపార్ట్‌మెంట్ కింద ఉన్న హాలే గుర్తుకు వస్తుంది. అది వద్దు. తమ వీధిలో జరిగే ఇలాంటి సమావేశానికి ఎవరూ రారు, ఎందుకంటే లోపలికి వెళ్తుండగా చూసేది ఇరుగుపొరుగువారే. గాజువాక వారు కంచరపాలేనికి వస్తారు, మధురవాడ వారు సీతమ్మధారకు వస్తారు. ఒక బస్సు దూరం ఉంటేనే వారికి ధైర్యం. ఆదివారం ఖాళీగా ఉండే బడిలో ఒక తరగతి గది, చర్చి వెనుక గది, గ్రంథాలయానికో రైతు బజారుకో దగ్గరలో ఉన్న చిన్న హాలు, ఇలా "ఎక్కడికి వెళ్తున్నావు?" అని దారిలో అడిగినవారికి ఇబ్బంది లేకుండా జవాబు చెప్పగలిగే చోటు వెతకండి. వేదిక, మైకు, బ్యానరు ఏవీ వద్దు. కుర్చీలు గుండ్రంగా వేయండి. పక్కన మరొక చిన్న గదో వరండానో ఉండడం అవసరం. ఏడుపు ఆపుకోలేనివారు కాసేపు అక్కడ కూర్చుంటారు. ఇంట్లో ఒంటరిగా వదిలిపెట్టలేక రోగిని వెంట తెచ్చుకున్నవారికి కూడా అదే ఆసరా.

రాత్రి మాత్రల మత్తు వల్ల చాలామంది రోగులు ఉదయం ఆలస్యంగా లేస్తారు, వారికి టిఫిను పెట్టి మందులు వేసేవరకు ఇంటివారు కదలలేరు. అందుకే మధ్యాహ్నం మూడున్నర నుంచి ఐదున్నర వరకు అనుకూలమని మా అనుభవం. ఒక రోజు, ఉదాహరణకు రెండో ఆదివారం, నిర్ణయించుకున్నాక పండుగ వచ్చినా, తుపాను హెచ్చరిక లేనంతవరకు వాన వచ్చినా మార్చకూడదు. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవారు ప్రతి నెలా రాలేరు. వచ్చిన నెలలో మాత్రం తలుపు తెరిచే ఉందన్న నమ్మకం వారికి ఉండాలి. మత్స్యకారుల పేటలవారి విషయంలో ఒక వెసులుబాటు ఉంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం గనుక ఆ 61 రోజులు మగవారు ఇంటిపట్టున ఉంటారు. మిగిలిన నెలల్లో తల్లులు, భార్యలు మాత్రమే వస్తారు. తండ్రులను, అన్నదమ్ములను రప్పించడానికి ఆ రెండు నెలలే సమయం.

మొదటి ఆరుగురు

కరపత్రం చూసి ఎవరూ రారు. ఒకరి నోటి మాట మీద మరొకరు వస్తారు. మీకు ఇప్పటికే తెలిసిన ఒక కుటుంబంతో మొదలుపెట్టి, మీ వైద్యుని దగ్గరకో ఆసుపత్రిలోని సోషల్ వర్కర్ దగ్గరకో వెళ్లి, మీ ఫోన్ నంబరు, సమావేశం రోజు, చోటు రాసిన చిన్న చీటీలు ఇచ్చి, "అవసరం ఉన్న కుటుంబాలకు ఇవ్వండి" అని కోరండి. రోగుల పేర్లు, నంబర్లు ఇమ్మని వారిని అడగవద్దు. వారు ఇవ్వకూడదు కూడా; 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం జబ్బు వివరాలు గోప్యంగా ఉండడం రోగి హక్కు. చీటీ అందుకున్న కుటుంబం తానుగా ఫోన్ చేయాలి. వార్డు సచివాలయంలోని ఏఎన్‌ఎంకు, ఆశా కార్యకర్తకు ఏ ఇంట్లో ఎవరు బయటకు రాకుండా ఉన్నారో తెలిసే ఉంటుంది. వారికీ ఆ చీటీలే ఇవ్వండి.

మొదటి సమావేశానికి మేము ఇరవై కుర్చీలు వేశాం, నలుగురు వచ్చారు. ఖాళీ కుర్చీల మధ్య ఆ నలుగురూ మరింత ఒంటరివాళ్లలా కనిపించారు. అప్పటినుంచి ఆరు కుర్చీలు వేసి, మనుషులు వచ్చేకొద్దీ ఒక్కొక్కటి కలుపుతున్నాం. పదిహేను దాటితే రెండు బృందాలు చేయడం మేలు, లేకపోతే మాట అందనివారు మిగిలిపోతారు.

సమావేశం నడిచే తీరు

నడిపేవారు ఇద్దరుండాలి. ఒకరు మాటను నడిపిస్తుంటే మరొకరు ముఖాలను గమనిస్తూ ఉంటారు. ఎవరైనా లేచి బయటకు వెళ్తే వెంట వెళ్లేది ఆ రెండో మనిషే. తొలి పావుగంట టీకి వదిలేయాలి. టీ డబ్బులు కూడా వంతులవారీగా ఒక్కొక్క కుటుంబం పెట్టుకుంటుంది. చందాలు వసూలు చేయకూడదు, ఎందుకంటే ఇంటి ఖర్చులో సగం మందులకే పెట్టే మనిషి చందా పుస్తకం చూసి రెండోసారి రాడు.

టీ అయ్యాక ప్రతి నెలా అవే నాలుగు మాటలు చెప్పాలి, పాతవారికి విసుగనిపించినా సరే. ఇక్కడ విన్నది ఇక్కడే ఉంటుంది. ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మాట్లాడరు. మాట్లాడడం ఇష్టం లేనివారు ఊరికే కూర్చోవచ్చు. ఎవరి మందునూ, మోతాదునూ, వైద్యునినీ మరొకరు మార్చమని చెప్పరు. ఈ నాలుగో మాటే ఎక్కువసార్లు తప్పుతుంది. "మావాడికి ఆ మాత్ర మాన్పించాక ఒళ్లు తగ్గింది" అని ఒకరు మంచి మనసుతోనే అంటారు, విన్న మరొకరు ఇంటికి వెళ్లి అదే పని చేస్తారు, మూడు వారాల్లో ఆ ఇంట ఎవరికీ నిద్ర ఉండదు. అలాంటి మాట వచ్చినప్పుడు నడిపేవారు మొహమాటపడకుండా, కఠినంగానూ లేకుండా, "ఆ సంగతి ఈసారి డాక్టరుగారిని అడుగుదామండీ, చీటీ మీద రాసుకోండి" అని అక్కడే మళ్లించాలి.

ఆ తరువాత ఒక్కొక్కరూ ఈ నెల ఎలా గడిచిందో చెబుతారు. కొత్తగా వచ్చినవారిని చివరన అడగండి, అప్పటికి వారికి ఇతరుల మాటలు విని కాస్త ధైర్యం వచ్చి ఉంటుంది. ఒకసారి జాలారిపేట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ గంటన్నరసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విని, చివరన, "మావోడికి ఎవులో చిల్లంగి (చేతబడి) చేసినారనుకున్నాను తల్లీ, ఇంతమందికి చిల్లంగి ఎవులు సేస్తారు?" అన్నారు. జబ్బు గురించి ఆ రోజు మేము ఒక్క ముక్క బోధించలేదు. ఇతరుల కథలు విన్నందువల్లే ఆమెకు ఆ ప్రశ్న పుట్టింది. మరుసటి నెల కొడుకును ఆసుపత్రికి తీసుకువెళ్లారు.

ఏడ్చేవారిని "ఊరుకోండమ్మా, ఏడవకండి" అని ఆపకండి. చాలామంది ఇంట్లో ఏడవలేకనే ఇక్కడికి వస్తారు. మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చుంటే చాలు. కోపంగా మాట్లాడేవారినీ తప్పుపట్టవద్దు. "వీడు పోతే బాగుండునని ఒక్కొక్కరోజు అనిపిస్తుంది" అని ఒక తండ్రి అన్నప్పుడు గదిలో ఎవరూ ఉలిక్కిపడలేదు, ఎందుకంటే ఆ ఆలోచన రాని ఇల్లు ఆ గదిలో లేదు. అలాంటి మాట బయటకు వచ్చాక ఆ మనిషి ఇంటికి తేలికగా వెళ్తాడు, కొడుకుతో ఆ రాత్రి మెత్తగా మాట్లాడతాడు. ఇది నేను చాలాసార్లు చూశాను. ఇంట్లో విమర్శ, విద్వేషం, అతిగా అంటిపెట్టుకొని ఉండడం ఎక్కువైతే స్కిజోఫ్రీనియా తిరగబెట్టడం ఎక్కువని లండన్‌లో జార్జ్ బ్రౌన్ బృందం 1950ల నుంచి చేసిన పరిశోధనలు చూపాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: జబ్బుకు కారణం తల్లిదండ్రులేనన్న అర్థం ఎక్కడా రాకూడదు. జబ్బు మీ వల్ల రాలేదు, ఇంటి వాతావరణం మారితే మందు బాగా నిలుస్తుంది అన్న రెండు మాటలనూ ఒకే ఊపిరిలో చెప్పాలి.

వైద్యులను మూడు నెలలకొకసారి పిలవండి, అంతకంటే తరచుగా వద్దు. వైద్యుడు గదిలో ఉంటే అందరూ ఆయనవైపే తిరిగి తమ చీటీలు చూపిస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు.

ఫోటోల గురించి

మా మూడో సమావేశంలో జరిగిన పొరపాటును దాచకుండా చెబుతాను. వచ్చినవారిలో ఒకరు ఉత్సాహంతో ఫోటో తీసి తమ కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. అందులో కనిపించిన ఒక అమ్మాయికి అప్పటికి పెళ్లి సంబంధం దాదాపు కుదిరింది. జబ్బు ఆమెకు కాదు, అన్నయ్యకు. ఆ సంబంధం తప్పిపోయింది, ఆ కుటుంబం మళ్లీ మా దగ్గరకు రాలేదు. ఆ ఫోటో తీయవద్దని ముందే చెప్పని తప్పు నాది. అప్పటినుంచి గదిలోకి వచ్చేటప్పుడే ఫోన్లు ఒక పళ్లెంలో పెడుతున్నాం. విలేఖరులు వస్తామన్నా, రాజకీయ నాయకులు వచ్చి పళ్లు పంచుతామన్నా సమావేశానికి మాత్రం రానివ్వకండి. ఆసుపత్రిలో చికిత్స పొందుతున్న వ్యక్తి ఫోటోగానీ వివరాలుగానీ అతని అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మనం దానికంటే ఒక మెట్టు ఎక్కువే పాటిద్దాం. హాజరు పుస్తకంలో పేర్లు రాయవద్దు, ఎంతమంది వచ్చారో అంకె రాస్తే చాలు. వాట్సాప్ గ్రూపు పెట్టాలని అందరూ అడుగుతారు. పెడితే తేదీ, చోటు తెలిపే సందేశాలు మాత్రమే ఉండేలా, పంపే వీలు నడిపేవారికి మాత్రమే ఉండేలా పెట్టండి.

తప్పక వచ్చే ప్రశ్నలు

"పనిచేయడు, స్నానం చేయడు, రోజంతా పడుకునే ఉంటాడు, ఒళ్లు వంగదు" అన్నది మొదటి ప్రశ్న. మాటలు వినిపించడం, అనుమానాలు రావడం జబ్బేనని కుటుంబాలు త్వరగా ఒప్పుకుంటాయి. ఉత్సాహం చచ్చిపోవడం, మాట తగ్గడం, ముఖంలో భావం లేకపోవడం కూడా స్కిజోఫ్రీనియా లక్షణాలేనని ఎవరూ చెప్పకపోతే దాన్ని సోమరితనం అనుకుంటారు. పెద్ద పని చెప్పి తిట్టే బదులు, చిన్న పని చెప్పి, చేయగానే గుర్తించడం మంచిది. మా తమ్ముడు మొదట పాలప్యాకెట్టు తేవడంతో మొదలుపెట్టాడు. ఏడాదిన్నరకు ఒంటరిగా బస్సెక్కి పూర్ణా మార్కెట్టుకు వెళ్లి కూరగాయలు తెచ్చాడు.

"ఎవరో తనను చంపుతారంటాడు, కాదంటే కొట్టడానికి వస్తాడు" అన్నది రెండోది. వాదించి గెలవలేం, ఔనని తల ఊపితే అనుమానం బలపడుతుంది. "నాకైతే ఎవరూ కనిపించడం లేదు నాన్నా, కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది, నేను ఇక్కడే ఉంటాను" అనడం చాలా ఇళ్లలో పనిచేసింది. ఈ మాటను సమావేశంలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని ఒకరు కొడుకుగా, ఒకరు తండ్రిగా అని చూడాలి. చదివినంత తేలిక కాదు.

మందులు అన్నంలో కలిపి పెట్టవచ్చా అని చెవిలో అడుగుతారు. కలిపినవారిని నిందించవద్దు, గత్యంతరం లేకనే కలిపి ఉంటారు. కానీ అది తెలిసిననాడు రోగి అన్నం కూడా మానేస్తాడు. వారాలపాటు పనిచేసే ఇంజక్షన్లు ఉన్నాయి గనుక వాటి గురించి వైద్యునితో మాట్లాడమనండి. ఇక ఎండాకాలం రాగానే, లిథియం (మనసు అతిగా పొంగడం, కుంగడం ఉండే జబ్బుకు ఇచ్చే మందు) వాడుతున్నవారి ఇళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. విశాఖ ఉక్కపోతలో చెమట పట్టి ఒంట్లో నీరు, ఉప్పు తగ్గినా, వాంతులు విరేచనాలు అయినా, ఒంటినొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు మందుల దుకాణంలో అడిగి వేసుకున్నా రక్తంలో లిథియం పెరిగి విషంగా మారవచ్చు. చేతులు బాగా వణకడం, మాట తడబడడం, నడక తూలడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపరీక్షలు తప్పనిసరి అని వైద్యులు చెప్పినప్పుడు ఖర్చుకు జంకి వాయిదా వేయకూడదు.

పింఛను సంగతి అడగని కుటుంబం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి ఒక వైకల్యంగా ఉంది. 40 శాతం, ఆ పైన ఉంటే ధ్రువపత్రం ప్రయోజనాలకు ఉపయోగపడుతుంది. మన రాష్ట్రంలో వైకల్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరానికి సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకోవాలి. వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. సదరంలో మానసిక వ్యాధిని తూచేది ఐడియాస్ అనే కొలమానం: తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడడం అర్థం చేసుకోవడం, పని చేయడం, ఈ నాలుగింటిలో ఎంత ఇబ్బంది ఉందో, జబ్బు ఎన్నేళ్లుగా ఉందో చూస్తారు. మన కుటుంబాలు చేసే పొరపాటు ఏమిటంటే, అధికారుల ముందుకు వెళ్తున్నామని ఆ రోజు గడ్డం గీయించి, ఇస్త్రీ బట్టలు వేసి, "అడిగినదానికి చక్కగా చెప్పు" అని నేర్పి తీసుకువెళ్తాయి. శుభ్రంగా తీసుకువెళ్లండి, కానీ ఎవరు స్నానం చేయించారో, ఎన్నిసార్లు బతిమాలవలసి వచ్చిందో, బాగాలేని రోజుల్లో ఎలా ఉంటుందో దాచకుండా చెప్పండి. పాత చీటీలన్నీ తేదీలవారీగా ఒక ఫైలులో పెట్టుకోవడం అప్పుడు పనికివస్తుంది. కేంద్ర ప్రభుత్వ, రైల్వే ఉద్యోగుల, పింఛనుదారుల ఇళ్లలో మరొక ప్రశ్న వేయండి: స్వయంగా సంపాదించుకోలేని మానసిక వైకల్యం గల బిడ్డకు తల్లిదండ్రుల తరువాత జీవితాంతం కుటుంబ పింఛను వచ్చే నిబంధన ఉంది, పేరు ముందే నమోదు చేయించుకున్నారా? వాల్తేరు రైల్వే క్వార్టర్ల ఊరిలో ఈ ఒక్క మాట తెలియక కష్టపడేవారుంటారు.

"పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే మాటకు నా జవాబు సూటిగానే ఉంటుంది. జబ్బు ఉన్నవారు పెళ్లికి అర్హులు కారని నేను అనను. దాచి చేయడం ఇద్దరికీ అన్యాయం. హిందూ వివాహ చట్టం కింద ముఖ్యమైన విషయాన్ని దాచి మోసంతో చేసిన పెళ్లి రద్దుకు దారితీయవచ్చు. అంతకంటే ముందే, కొత్త ఇంట్లో ఎవరికీ తెలియకూడదని మాత్రలు మానేసిన ఆడపిల్లలు నెలలోపే పుట్టింటికి తిరిగిరావడం చూశాను.

చట్టం గురించి ఒక సమావేశం మొత్తం కేటాయించవచ్చు. 2018 మే 29న అమలులోకి వచ్చిన 2017 చట్టం ప్రకారం ఏ వయోజనుడైనా తనకు బాగున్నప్పుడు, జబ్బు చేస్తే తన తరఫున మాట్లాడే ప్రతినిధిని కాగితంమీద నియమించుకోవచ్చు. చికిత్స ఎలా ఉండాలో, ఎలా ఉండకూడదో ముందస్తుగా రాసి ఉంచుకోవచ్చు. రోగి ఒప్పుకోనప్పుడు ఆ ప్రతినిధి దరఖాస్తుపై చేర్చుకోవాలంటే ఒక సైకియాట్రిస్టు, మరొక నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, మొదట 30 రోజులకు మించి ఉంచరాదు. రోడ్డుమీద తిరుగుతున్న వ్యాధిగ్రస్తుని రక్షణలోకి తీసుకొని ఆసుపత్రికి చేర్చడం ఆ ప్రాంత పోలీసు స్టేషను బాధ్యత, లాకప్పులో పెట్టరాదు. ఆరోగ్య బీమా సంస్థలు శరీర వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయవచ్చు.

ప్రమాదపు మాట వినిపించినప్పుడు

చనిపోవాలనిపిస్తోందని రోగి అన్నాడని ఇంటివారు చెప్పవచ్చు. సంరక్షకులే ఆ మాట తమ గురించి అనవచ్చు, దాన్ని మేము రెండుసార్లు విన్నాం. అప్పుడు మాట మార్చకండి. రెండో నిర్వాహకుడు వారిని పక్కగదికి తీసుకువెళ్లి, "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అని అనుకున్నారా? దానికి కావలసినది ఇంట్లో ఉందా?" అని నేరుగా అడగాలి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది భయం మాత్రమే; అడిగినందువల్ల చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లోంచి తీయించడం, మాత్రలు తాళంలో పెట్టి రోజుకెంతో అంతే ఇవ్వడం, ఆ రాత్రి ఒంటరిగా ఉంచకపోవడం వెంటనే చేయవలసినవి. ఫోన్‌లో మానసిక సహాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రాణానికి ముప్పు కనిపిస్తే 108కి ఫోన్ చేసి, దగ్గరలోని ఏ పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికైనా చేర్చాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆలస్యం చేసేవారికి 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెప్పండి: ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు, వేరే రుజువు లేనంతవరకు, చట్టం భావిస్తుంది, శిక్షించదు.

పేటలో అవగాహన

అక్టోబరు 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినమని బీచ్ రోడ్డుమీద నడక పెట్టి, టోపీలు పంచి ఇంటికి వెళ్లడంలో నాకు నమ్మకం తక్కువ. నడిచేవారికి అప్పటికే తెలుసు. ఆ ఓపిక ఏడాదంతా తొమ్మిదిమంది మనుషుల మీద పెట్టండి: బడి ప్రధానోపాధ్యాయిని, వీధి చివర మందుల దుకాణదారు, ఆటో స్టాండు పెద్ద, పొదుపు సంఘం లీడరు, ఆర్‌ఎంపీ, స్టేషను ఎస్‌ఐ, గుడి పూజారి, పాస్టరు, దర్గా ముజావర్. ఒక్కొక్కరితో అరగంట కూర్చొని, జబ్బు గుర్తులు, 14416, దగ్గరలోని ఆసుపత్రి, మీ చీటీ ఇవ్వడం చాలు. వారితో మాట్లాడేటప్పుడు "పిచ్చి", "మెంటలు" అన్న మాటలు వాడవద్దని పాఠం చెప్పేకంటే, మీరే ప్రతిసారీ "మనసు జబ్బు", "ఆరోగ్యం బాగాలేదు" అంటూ మాట్లాడండి. మూడోసారి కలిసేసరికి వారూ అలాగే అంటారు. "చినవాల్తేరు పంపించాలి" అని ఎవరినైనా ఎగతాళి చేయడం మన ఊరి అలవాటు. అది విన్నప్పుడు ఆగి, "మా తమ్ముడు అక్కడే బాగుపడ్డాడండీ" అని నేను చెబుతాను.

తాయెత్తులు కట్టేవారిని, మొక్కులు పెట్టించేవారిని ఎదిరించకండి. సింహాచలం అప్పన్నకు మొక్కుకోవడానికీ మాత్ర వేసుకోవడానికీ తగువు లేదు. "దండం పెట్టించండి, విభూతి ఇవ్వండి, మందు మాత్రం ఆపమనకండి, కట్టేయనివ్వకండి" అని చేతులు జోడించి అడగండి. తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర 2001 ఆగస్టు 6న అగ్నిప్రమాదం జరిగినప్పుడు గొలుసులతో కట్టివేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక 28 మంది రోగులు చనిపోయారు. ఈ సంగతి చెబితే కట్టడాన్ని సమర్థించే పెద్దలు కూడా మౌనంగా వింటారు. గొలుసులతో బంధించడాన్ని 2017 చట్టం 95వ సెక్షన్ నిషేధించింది.

సంఘంగా రిజిస్టరు చేయడం గురించి మొదటి ఏడాది ఆలోచించవద్దు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే సరిపోతుంది. అయితే అధ్యక్ష, కార్యదర్శి పదవులు వచ్చాక కొన్ని బృందాల్లో మాటలు జబ్బునుంచి పదవులకు మళ్లాయి. ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వవలసి వచ్చినప్పుడు, ఉదాహరణకు మీ ప్రాంత ఆరోగ్య కేంద్రంలో మానసిక వ్యాధుల మందులు నిలకడగా అందుబాటులో ఉంచాలని అడగాలంటే, మందు పేరు, దొరకని తేదీలు, ఎన్ని కుటుంబాలు తిరిగి వెళ్లాయో రాసి, వచ్చినవారిలో సంతకానికి ఇష్టపడినవారి చేత మాత్రమే పెట్టించి, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వవచ్చు. అక్కడ ఇచ్చిన రసీదును జాగ్రత్తగా ఉంచండి.

సమావేశం అయ్యాక కుర్చీలు సర్దేటప్పుడు ఇద్దరు నిర్వాహకులూ పది నిమిషాలు కూర్చొని, ఈసారి రానివారెవరో, ఎక్కువగా మాట్లాడనివారెవరో చూసుకోవాలి. వారికి సోమవారం సాయంత్రం ఫోన్ చేయండి. "నిన్న ఎందుకు రాలేదమ్మా?" అని అడిగితే సంజాయిషీ చెప్పి పెట్టేస్తారు. "భోజనం చేశారా? రాత్రి నిద్రపట్టిందా?" అని మొదలుపెట్టండి, రోగి గురించి కాదు, ఫోన్ ఎత్తిన మనిషి గురించే. జవాబు రావడానికి కొంతసేపు పడుతుంది. ఆ మౌనంలో ఫోన్ పెట్టేయకుండా ఉండండి.